అటక మీంచి దించిన రేడియో గుయ్యిమంటోంది, పారేయాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక ఊరండి. తాతగారి వాల్వు రేడియో పాతికేళ్లుగా అటక మీదే ఉంది. సంక్రాంతికి దించి ప్లగ్ పెడితే విజయవాడ స్టేషన్ వచ్చింది గానీ మాట కంటే గుయ్యిమనే మోతే ఎక్కువ. చూపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది పారేయండి అన్నారు. నిజమేనాండీ?

జవాబు: అస్సలు పారేయకండి. స్టేషన్ పలుకుతోందంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంది, కానీ ఇలాగే ఆన్ చేసి వింటూ ఉంటే మాత్రం నిజంగానే కాలిపోవచ్చు, ముందు ప్లగ్ పీకేయండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా ఆ మోత తగ్గలేదా? అయితే దాదాపు ఫిల్టర్ కండెన్సర్లే (కరెంటుని నిలవచేసి నున్నగా అందించేవి). లోపలి తడి ఏళ్ల తరబడి ఆరిపోద్ది, వాడకుండా ఉంచితే ఆక్సైడ్ పొర కూడా పాడైపోద్ది, ఇంక ఏసీని నున్నగా డీసీ చెయ్యలేక ఆ సెకనుకి 100 సైకిల్స్ హమ్, అంటే గుయ్యిమనే మోత, స్పీకర్లోకి వచ్చేస్తది.

మొన్న ఇలాంటి సెట్టే నా బల్ల మీదకొచ్చింది. ఆ కండెన్సర్లుండే అల్యూమినియం డబ్బా అడుగున రబ్బరు చుట్టూ బెల్లంపాకం ఎండినట్టు గోధుమరంగు పెచ్చు కట్టింది, కెపాసిటీ 32 మైక్రోఫారాడ్ ఉండాల్సింది మీటర్లో 5 చూపించింది.

మీ డబ్బా మీద 32+32 (ఒకే డబ్బాలో రెండు కండెన్సర్లు), 350 వోల్టులని ఉంటే 33 మైక్రోఫారాడ్‌వి రెండు, 450 వోల్టులు, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి తెచ్చుకోండి. వోల్టేజీ ఎక్కువైతే పర్లేదు, తక్కువ మాత్రం వద్దు. మైక్రోఫారాడ్లు ఎక్కువైతే మంచిదని 100 పెట్టేస్తారు కొందరు, ఈజడ్80 లాంటి రెక్టిఫయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) 50 దాటితే తట్టుకోలేదు. పాత డబ్బాని పైన అందానికి అలాగే ఉంచి దాని వైర్లు విప్పేసి కొత్తవి ఛాసిస్ (వాల్వులుండే రేకు) కింద కట్టండి, ప్లస్ మైనస్ తారుమారైతే పేల్తాయి జాగ్రత్త. చెయ్యి పెట్టేముందు 2.2 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో కండెన్సర్లని డిస్చార్జ్ చేసి మీటర్‌తో చూసుకోవాలి, ప్లగ్ తీసేసినా అందులో ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటదండి.

అక్కడితో ఆగిపోకండి, అసలు కొంప ముంచేది మైనం పూత ఉండే చిన్న కాగితం కండెన్సర్, అవుట్‌పుట్ వాల్వు (స్పీకర్‌ని నడిపేది) గ్రిడ్‌కి, అంటే సిగ్నల్ అందుకునే కాలికి వెళ్లేది. అది లీకైతే వాల్వు ఎర్రగా కాగి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా తినేస్తది. బాగుందో లేదో చూడకుండానే మార్చేయండి, 630 వోల్టుల ఫిల్మ్‌ది చాలు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, కరెంటు దాని గుండానే రేడియోకి వెళ్లేలా, సిరీస్‌లో పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు మసగ్గా వెలిగితే మంచిదే, భగ్గుమని అలాగే ఉండిపోతే వెంటనే ఆపేసి మళ్లీ వైరింగ్ చూసుకోండి. సోల్డరింగ్ అలవాటు లేకపోతే వాల్వు సెట్లు తెలిసిన పెద్దవాళ్లు మీ వైపు ఎవరున్నారో కనుక్కుని వాళ్ల చేతే చేయించండి.