సస్పెండ్ అయినప్పుడల్లా డీఎంఏ బఫర్ వదిలేయాలా?

ప్రశ్న ఇది: ఎంబెడెడ్ లినక్స్ బోర్డు మీద ఒక ఆడియో డ్రైవర్. రన్‌టైమ్ సస్పెండ్ (సిస్టమ్ నడుస్తుండగానే వాడని డివైస్ నిద్రపోవడం) అయినప్పుడల్లా 3,84,000 బైట్ల డీఎంఏ బఫర్‌ని (సీపీయూ చేయి లేకుండా డివైస్ నేరుగా వాడుకునే మెమరీ) ఫ్రీ చేస్తుంది, రెజ్యూమ్‌లో, అంటే లేచేటప్పుడు, మళ్లీ అడుగుతుంది. కొన్నాళ్లు బాగానే నడిచి, తర్వాత రెజ్యూమ్ మైనస్ 12 (మెమరీ దొరకలేదు) ఎర్రర్‌తో ఆగిపోతోంది. మెమరీ, కరెంటు రెండూ ఆదా అయ్యే దారి ఏది?

ముందుగా ఆ ఫ్రీ చేయడం తీసేయండి. దానివల్ల కరెంటు ఆదా కాదు. మామూలుగా డీర్యామ్ తన పేజీలు నిండినా ఖాళీగా ఉన్నా ఒకేలా రిఫ్రెష్ అవుతుంది. పోయేది మాత్రం ఎక్కువ. 4 కేబీ పేజీలున్న బోర్డులో ఆ బఫర్‌కి 512 కేబీ వరుస ముక్క కావాలి, అంటే ఆర్డర్ 7 (2 ఘాతం 7, 128 పేజీలు). కొన్ని రోజులు నడిచిన సిస్టమ్‌లో మెమరీ ముక్కలైపోయి ఉంటుంది, మైనస్ 12 అందుకే. ఏ ఆర్డర్ ఖాళీ ముక్కలు ఎన్ని మిగిలాయో చూపే, ప్రాక్‌లోని బడ్డీఇన్ఫో ఫైల్ తెరవండి. జోన్ (మెమరీ భాగం) పేరు తర్వాత ఎనిమిదో అంకె (లెక్క ఆర్డర్ 0 నుంచి), దాని కుడివైపువీ సున్నాలైతే దొంగ దొరికినట్టే. బఫర్‌ని ప్రోబ్‌లో (డ్రైవర్ డివైస్‌తో కలిసేటప్పుడు) ఒక్కసారి తీసుకుని రిమూవ్ (విడిపోయేటప్పుడు) దాకా ఉంచుకోండి. సస్పెండ్‌లో రిజిస్టర్ల (డివైస్ సెట్టింగ్‌లు ఉండే చోట్లు) విలువలు దాచుకునే మెమరీ కూడా ప్రోబ్‌లోనే తీసుకోండి: 64 రిజిస్టర్లకి 256 బైట్లు, దానికి లోభం అక్కర్లేదు.

ఇదే తప్పు స్టోరేజ్ డ్రైవర్‌లో జరిగితే ఇంకా ప్రమాదం. రెజ్యూమ్‌లో జీఎఫ్‌పీ_కెర్నెల్‌తో (మామూలుగా మెమరీ అడిగే ఫ్లాగ్) మెమరీ అడిగితే, కొరత ఉన్నప్పుడు కెర్నెల్ డర్టీ పేజీలను (ఇంకా డిస్క్‌కి చేరని మార్పులున్నవి) డిస్క్‌కి రాయబోతుంది. ఆ డిస్క్ ఇంకా నిద్ర లేవనే లేదు, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఇరుక్కుపోతాయి. తప్పనిసరైతే, డిస్క్ జోలికి పోని జీఎఫ్‌పీ_నోఐఓ వాడండి.

అసలు కరెంటు ఆదా అయ్యేది మెమరీ తగ్గిస్తే కాదు, కాస్త ఖర్చుపెడితే. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అంటే సెకనుకి 1,92,000 బైట్లు. పీరియడ్ (సీపీయూని ఒకసారి లేపితే ఆడే ముక్క) 10 మిల్లీసెకన్లు పెడితే దానికి 1,920 బైట్లు సరిపోతాయి గానీ సీపీయూని సెకనుకి 100 సార్లు తట్టి లేపాలి. పీరియడ్ ఒక సెకను చేస్తే ఒక్కసారే. మీ 3,84,000 బైట్లు సరిగ్గా అలాంటి రెండు పీరియడ్లు, కాబట్టి ఆ సైజు తప్పేమీ కాదు. పాటలకి ఇది బాగుంటుంది. ఫోన్ కాల్‌కి ఒక సెకను ఆలస్యం ఎవరూ ఒప్పుకోరు, అక్కడ 10 మిల్లీసెకన్లే ఉంచండి.

ఆటోసస్పెండ్ డిలే (పని అయ్యాక నిద్రపోయే ముందు ఆగే సమయం) గాల్లోంచి తీసుకోకండి. ఉదాహరణకి ఖాళీగా ఉన్నప్పుడు 50 మిల్లీవాట్లు, నిద్రలో 2, పడుకుని లేవడానికి 10 మిల్లీజౌళ్లు అనుకుందాం. 10ని 48తో భాగిస్తే సుమారు 0.2 సెకను. అంతకన్నా తక్కువసేపు పడుకోబెడితే నష్టమే. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఎంతో కొలిచి, దానికి కాస్త పైన పెట్టండి. పాత కెర్నెళ్లలో పుట్_ఆటోసస్పెండ్‌కి (ఇక పని లేదని చెప్పే ఫంక్షన్) ముందు మార్క్_లాస్ట్_బిజీని (చివరి వాడకం సమయం రాసుకునేది) విడిగా పిలవాలి. మర్చిపోతే డిలే లెక్క చివరి వాడకం నుంచి మొదలవదు.

సస్పెండ్‌లో వరుస ముఖ్యం: డీఎంఏ పూర్తిగా ఆపాలి, నడుస్తున్న ఇంటరప్ట్ హ్యాండ్లర్ (డివైస్ సీపీయూని పిలిస్తే నడిచే కోడ్) అయ్యేదాకా ఆగాలి, రిజిస్టర్లు దాచాలి, ఆఖర్న క్లాక్ ఆపాలి. ఇంటరప్ట్ లైన్ వేరే డివైస్‌తో పంచుకుంటే, నిద్రలో ఉన్నప్పుడు కూడా మీ హ్యాండ్లర్‌కి పిలుపు వస్తుంది. క్లాక్ లేని రిజిస్టర్ చదివితే కొన్ని ఏఆర్ఎమ్ చిప్‌లలో బస్ (సీపీయూకీ డివైస్‌కీ మధ్య డేటా దారి) మొత్తం బిగుసుకుపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా సిస్ఎఫ్ఎస్‌లోని (కెర్నెల్ డివైస్‌ల వివరాలు ఫైళ్లుగా చూపే చోటు) రన్‌టైమ్_స్టేటస్ ఎప్పుడూ యాక్టివ్ అనే చూపిస్తుంటే, మొదట పవర్ కంట్రోల్ ఫైల్‌లో ఆటో ఉందో లేదో చూడండి. ఉంటే ఎర్రర్ దారులు వెతకండి. గెట్_సింక్ (డివైస్‌ని లేపే ఫంక్షన్) ఫెయిలైనా వాడుతున్నవాళ్ల లెక్క ఒకటి పెంచేసే పోతుంది, వెనక్కి ఇవ్వకపోతే డివైస్ ఇక నిద్రపోదు. దాని బదులు రెజ్యూమ్_అండ్_గెట్ వాడితే ఫెయిలైనప్పుడు లెక్క తనే తగ్గిస్తుంది.