టారగాన్ విత్తనాలు చల్లే ముందు

చి. సౌ. సుమకు పెద్దమ్మ ఆశీస్సులు.

టారగాన్ విత్తనాల ప్యాకెట్ ఫొటో చూశాను. వంటలో వేసే ఈ వాసనాకులో ఫ్రెంచిది, రష్యన్‌ది అని రెండు రకాలున్నాయి. దాని మీద ఉత్త ‘టారగాన్’ అని ఉందంటే అది రష్యన్ రకమే అనుకో. ఫ్రెంచి టారగాన్‌కి మొలిచే గింజ రాదు, పిలకలు చీల్చో కొమ్మ కత్తిరించి నాటో పెంచాల్సిందే. బేర్నేజ్ సాస్‌లోకి (వెన్న, గుడ్డు సొనతో చేసే ఫ్రెంచి సాస్) ఘాటైన సోంపు వాసనే కావాలంటే ఆ ప్యాకెట్ పక్కన పడేసి, నర్సరీలో మొక్క కొనుక్కో. అక్కడ కూడా లేబుల్ నమ్మకు. కొస ఆకు ఒకటి నమిలి చూడు. సోంపు రుచి తగిలి నాలుక కాస్త తిమ్మిరెక్కితే ఫ్రెంచిది. చప్పగా, కొంచెం చేదుగా ఉంటే రష్యన్‌ది.

అయినా నువ్వు విత్తనమే వేస్తానంటావు, నాకు తెలుసు. వేయి. మా మిన్నెసోటా చలిని తట్టుకునే మొక్కకి మీ చికాగో ఓ లెక్కా! రుచి తక్కువే గానీ మొండిది, ఏళ్ల తరబడి ఉంటుంది. మన దవనం కూడా దీనికి దగ్గరి చుట్టమే, ఆకు నలిపి చూస్తే నీకే తెలుస్తుంది.

ఏప్రిల్ మొదట్లో ఇంట్లోనే ట్రేలో నారు పోయి. గింజలు మరీ సన్నం, పొడి ఇసుకలో కలిపి చల్లు. అందరూ పాడుచేసేది ఇక్కడే: పైన మట్టి కప్పేస్తారు. వాటికి వెలుతురు కావాలి. వేలితో మెల్లగా అదిమి వదిలెయ్. చెంబుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి, స్ప్రే సీసాతో తడుపు. వెచ్చగా ఉంటే పది పధ్నాలుగు రోజుల్లో మొలుస్తాయి. నాలుగాకులు రాగానే విడివిడి కుండీల్లోకి మార్చు.

మే సగం దాటి, రాత్రి మంచు భయం పోయాక బయట నాటు. అంతకుముందు ఓ వారం పాటు పగలు బయట పెట్టి, రాత్రి లోపలికి తెచ్చుకో. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదులు, రష్యన్‌ది మనిషి భుజం దాకా లేస్తుంది. బాగా ఎండ పడే చోటు చూడు. ఎరువు మాట మర్చిపో, బలం ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ వాసన ఉండదు. దీన్ని చంపేది చలి కాదు, శీతాకాలంలో వేళ్ల దగ్గర నిలిచే నీళ్లు. మీ పెరడు బంకమట్టి అయితే మట్టి ఎత్తుగా పోసి మడి కట్టు.

చలికాలంలో పైనంతా ఎండిపోతుంది. చచ్చిందని పీకెయ్యకు, వసంతంలో మొక్క మొదలు నుంచి పిలకలొస్తాయి. రష్యన్ రకంలో తినదగ్గవి ఆ లేత పిలకలే. మూడేళ్లకోసారి కుదురు తవ్వి చీల్చి, సగం ఎవరికైనా ఇచ్చెయ్.

వంటలో మాత్రం పోపులో వేసి మాడ్చకు, దింపే ముందు తుంచి వేయి. పప్పులో నాకు నచ్చలేదు. మీ పెదనాన్నకి ఆమ్లెట్‌లో ఇష్టం.

ఉంటాను,
పెద్దమ్మ