వెనక డిఫరెన్షియల్ విప్పే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ గురించి రాసిన ఉత్తరం అందింది. క్లచ్ వదలగానే వెనక నుంచి 'టక్' మంటోందనీ, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మళ్లీ అదే చప్పుడు వస్తోందనీ, కుడి చక్రం లోపలి వైపు నూనె మరక కనిపిస్తోందనీ రాశావు. యాక్సిల్ (వెనక ఇరుసు) మొత్తం దించి, దాని మధ్య చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) కొత్తవి వేయించమని ఎవరో చెప్పారట. ఇప్పుడే ఆ పని పెట్టుకోకు. ఎంజీబీ వెనక యాక్సిల్ చాలా గట్టి సరుకు. పళ్లు నిజంగా పోయిన బళ్లు తక్కువ. లోపల స్టార్ గేర్లు అనే చిన్న గేర్ల వెనక ఉండే పల్చటి వాషర్లు అరిగిపోయి టక్కుమనే బళ్లే ఎక్కువ. ఆ వాషర్లు మార్చడానికి యాక్సిల్ బండి కింద నుంచి దించక్కర్లేదు, పినియన్ జోలికి అసలే వెళ్లక్కర్లేదు.

నీది 1972 బండి కాబట్టి ట్యూబ్ రకం యాక్సిల్. వెనక వైపు బోల్టులతో బిగించిన రేకు మూత ఉంటుంది. 1967 వరకు వచ్చిన ఓపెన్ బళ్లలో బాంజో రకం ఉండేది, దాంట్లో గేర్ల గుండు ముందు వైపు నుంచి బయటికి వస్తుంది. రెండింటికీ పార్టులు వేరు, పని తీరు వేరు. పార్టులు ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ తేడా గట్టిగా చెప్పు.

పానా పట్టే ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకో. ఎంజీబీలో వెనక టక్కుమనే చోట్లు చాలానే ఉన్నాయి. గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (దాని కీళ్లు) ఒకటి, లీఫ్ స్ప్రింగులను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు ఒకటి. నీ బండికి వైర్ వీల్స్ ఉన్నాయి కాబట్టి హబ్ మీది పళ్లను తప్పకుండా చూడాలి. చక్రం తీసి, ఆ పళ్ల కొసలు వేలితో తడిమి చూడు. కొసలు చదునుగా ఉంటే మంచిదే. కత్తి అంచులా పదునుగా తగిలితే చప్పుడు చేసేది అవే, డిఫరెన్షియల్ కాదు. అలాంటి హబ్‌తో బండి నడపొద్దు. పళ్లు జారితే చక్రం ఊరికే తిరుగుతుంది, దాంతో బ్రేకూ అందదు.

ఇది టక్కు సంగతి. కూత వస్తే లెక్క వేరు. రోడ్డు మారితే చప్పుడు మారిందంటే అది టైరు. మలుపులో ఒక వైపు బరువు పడినప్పుడు గరగర పెరిగితే వీల్ బేరింగు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక స్వరం, వదిలితే ఇంకో స్వరం వస్తూ, వేగంతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటే అప్పుడు క్రౌన్ పినియన్‌నీ దాని బేరింగులనీ అనుమానించాలి. నువ్వు కూత సంగతి ఎక్కడా రాయలేదు. అందుకే నాకు ధైర్యంగా ఉంది.

తర్వాత బండిని వెనక వైపు ఎత్తు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టు, నేల గట్టిగా, చదునుగా ఉండాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టొద్దు, ఒక్క నిమిషానికైనా సరే. స్టాండ్లు వేశాక బండిని చేత్తో గట్టిగా కుదిపి చూసి, అప్పుడే కిందికి వెళ్లు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, వెనక చక్రాలు రెండింటినీ ఎవరితోనైనా కదలకుండా పట్టించు. నువ్వు పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని పినియన్‌కి కలిపే బిళ్ల) దగ్గర షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పు. క్రాస్‌లో ప్లే (వదులు) ఉంటే షాఫ్ట్ కదిలినా ఫ్లాంజ్ కదలదు. ఫ్లాంజ్ కూడా కదులుతూ లోపల నుంచి మెత్తగా 'డుబ్' మంటే వాషర్లు అరిగాయన్న మాట. ఫ్లాంజ్‌ని పైకీ కిందికీ ఊపి కూడా చూడు. అలా ఊగితే మాత్రం పినియన్ బేరింగ్ పోయినట్టే, అప్పుడు పని పెద్దది.

ఇక నూనె. నూనె పోసే ప్లగ్ ముందు ఊడదీసి, ఆ తర్వాతే డ్రెయిన్ ప్లగ్ మీద చెయ్యి వెయ్యి. పాత యాక్సిల్స్‌లో పై ప్లగ్ పట్టేసి ఉంటుంది. నూనె అంతా దింపేశాక అది రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. దిగిన నూనెను శుభ్రమైన తెల్లటి పళ్లెంలో పట్టి ఎండలో చూడు. అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంటే కంగారు పడకు, అది ఏళ్ల తరబడి సహజంగా జరిగిన అరుగుదల. గోరుకు తగిలే ఇనుప ముక్కలు ఉంటే పన్నో బేరింగో చిట్లింది. అయస్కాంతానికి అంటని రాగి రంగు రేకులు కనిపిస్తే అవి వాషర్లవి. నూనె పాలలా తెల్లబారితే నీళ్లు చేరాయి.

మూత తీశాక తొందరపడకు. క్రౌన్ వీల్‌ని గుడ్డతో తుడిచి, టార్చ్ వెలుగు పళ్ల మీద ఏటవాలుగా పడేలా పట్టుకుని, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో పన్నూ చూడు. బాగున్న పన్ను మీద, మధ్య భాగంలో, అద్దంలా మెరిసే మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ పంటి అంచు దాటి పోకూడదు. ఉపరితలం మీద సూదితో పొడిచినట్టు గుంటలు గానీ, నీలం రంగు తిరిగిన చోటు గానీ, అడ్డంగా గీరుకుపోయిన గీతలు గానీ ఉన్నాయేమో చూడు. ఇవేవీ లేకపోతే ఆ పళ్లు ఇంకా చాలా కాలం నడుస్తాయి. క్రౌన్ వీల్, పినియన్ ఏళ్ల తరబడి కలిసి కాపురం చేసిన జంట. ఒకదాన్ని మార్చి ఇంకొకదాన్ని ఉంచితే కీచులాట తప్పదు. వాటిని జతగానే అమ్ముతారు, జతగానే వెయ్యాలి. నీ బండిలో ఆ నిష్పత్తి 43 పళ్లకు 11 పళ్లు, అంటే 3.909.

డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే ముల్లు మీటరు) దొరికితే క్రౌన్ వీల్ ప్లే కూడా కొలువు. ఇలాంటి యాక్సిల్స్‌లో అది మామూలుగా మిల్లీమీటరులో పదో వంతుకీ అయిదో వంతుకీ మధ్య ఉంటుంది. ఒక్క చోట కొలిచి వదిలేయకుండా చుట్టూ నాలుగైదు చోట్ల చూడు. తేడా ఎక్కువ వస్తే వీల్ వంకర తిరిగి ఉండొచ్చు.

వాషర్లు మార్చాలంటే యాక్సిల్ షాఫ్ట్‌లు రెండూ బయటికి రావాలి. అసలు కష్టం హబ్ నట్టు దగ్గరే. స్ప్లిట్ పిన్ (నట్టు తిరగకుండా ఆపే పిన్) తీసి, బండి ఎత్తకముందే, అది నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేక్ వేసి ఆ నట్టు వదులు చేసుకో. స్టాండ్ల మీద ఉన్న బండిని అంత బలంతో లాగితే పక్కకు ఒరుగుతుంది. ఆ తర్వాత చక్రం, డ్రమ్ము, హబ్, బ్రేక్ ప్లేటు వరసగా వస్తాయి. బ్రేక్ పైపు విప్పుతావు కాబట్టి చివర్లో బ్లీడింగ్ (పైపుల్లో గాలి తీసే) పని ఉంటుందని గుర్తుపెట్టుకో. బేరింగ్‌తో సహా షాఫ్ట్‌ని స్లైడ్ హామర్‌తో (జారే బరువుతో లాగే సాధనం) లాగాలి.

లోపల స్టార్ గేర్లు ఉండే అడ్డ పిన్నుని ఒక చిన్న రోల్ పిన్ పట్టి ఉంచుతుంది. దాన్ని సరైన మందం పంచ్‌తో కొట్టు, సన్నటి మేకుతో కొడితే మూతి విచ్చుకుని అక్కడే ఇరుక్కుంటుంది. అడ్డ పిన్ను తీశాక పక్క గేర్లలో ఒకదాన్ని వేలితో తిప్పుతూ పో. చిన్న గేర్లు రెండూ దాని చుట్టూ నడుచుకుంటూ గేర్ల గూటికి ఉన్న కిటికీలోకి వస్తాయి, వాషర్లతో సహా చేతిలో పడతాయి. పాత వాషర్‌ని కొత్తదాని పక్కన పెట్టు. కొన్ని కాగితంలా పల్చబడి ఉంటాయి, కొన్ని రెండు ముక్కలై ఉంటాయి. ముక్కలై ఉంటే అన్ని ముక్కలూ దొరికేదాకా వెతుకు. ఆ అడ్డ పిన్ను మీద కూడా గోరు నడిపించి చూడు, మెట్టు తగిలితే అదీ మార్చు. ఎక్కించేటప్పుడు చిన్న గేర్లు రెండూ ఒకేసారి, సరిగ్గా ఎదురెదురుగా పళ్లలో పడాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా అడ్డ పిన్ను రంధ్రాలు కలవవు. విసుగ్గానే ఉంటుంది, మళ్లీ తీసి మళ్లీ పెట్టు.

పినియన్ నట్టు జోలికి మాత్రం వెళ్లొద్దని మరీ మరీ చెబుతున్నాను. ముందు వైపు సీలు కాస్త చెమర్చినంత మాత్రాన దాన్ని విప్పకు. ఆ నట్టు వెనక, బిగిస్తే నలిగే స్పేసర్ ఒకటి ఉంటుంది. అది ఎంత నలిగిందన్న దాన్ని బట్టే బేరింగుల మీద బిగువు ఉంటుంది. ఊరికే ఇంపాక్ట్ గన్ (నట్లు బిగించే యంత్రం) పెట్టి బిగిస్తే స్పేసర్ ఇంకా నలిగిపోతుంది, బేరింగులు వేడెక్కి కూత మొదలవుతుంది. నూనె బొట్లు బొట్లుగా కారే రోజు వస్తే, ఆ బిగువును కొలిచే సాధనం ఉన్నవాళ్ల చేతే చేయించు.

హబ్ దగ్గర కారుతున్న సీలు ఎలాగూ ఇప్పుడే మారుస్తావు. దానికంటే ముందు యాక్సిల్ మీది గాలి గొట్టాన్ని శుభ్రం చెయ్యి. అది మట్టితో పూడుకుపోతే, వేడెక్కిన గాలికి వేరే దారి లేక సీళ్లలోంచి నూనెను తోస్తుంది. అది చూడకుండా ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవు. నూనె తాగిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయకు. షూలు రెండు వైపులా కొత్తవి వెయ్యి.

హబ్ నట్టును 150 ఫుట్-పౌండ్లకు బిగించాలి. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం ముందుకే బిగించు, వెనక్కి వదలకు. వదులైన హబ్ షాఫ్ట్ పళ్లను తినేస్తుంది, మళ్లీ అదే టక్కు మొదలవుతుంది.

మూత అంచుల్లో బోల్టు రంధ్రాల చుట్టూ రేకు ఉబ్బి ఉంటే చదును చేసి, కొత్త ప్యాకింగ్ వెయ్యి. నూనె ఈపీ 90 హైపాయిడ్ రకం, సుమారు 0.85 లీటరు పడుతుంది. బండి సమతలంగా ఉండగా రంధ్రం అంచుదాకా వస్తే చాలు. ఈ నూనె గేర్‌బాక్సులో పోయకు, ఎంజీబీ గేర్‌బాక్సుకి ఇంజిన్ ఆయిలే పోయాలి.

ముందు దగ్గర్లోనే మెల్లగా తిప్పి, ఆపి, మూత చుట్టూ, హబ్‌ల లోపలి వైపు తడి ఉందేమో చూడు. యూ బోల్టులు మరోసారి బిగించు. మూత తీసిన రోజు పళ్ల ఫొటోలు, వెలుగు పక్క నుంచి పడేలా తీసి నాకు పంపు. పాత వాషర్లు పారేయకుండా పక్కన పెట్టు, వాటి మందం కొలిచి రాయి. అవి చూశాకే మిగతా పార్టులు ఆర్డర్ పెట్టాలో లేదో చెబుతాను.

మీ మావయ్య