సుస్వరకి పది వాట్ల ఆంప్ కావాలా?

ప్లేనార్ హెడ్‌ఫోన్ల (పల్చటి పొర మీద లోహపు గీతలతో పలికే రకం) మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. అందరి టెన్షనూ ఒకటే, హెడ్‌ఫోన్ కొన్నాం, ఇప్పుడు దానికి ఏ ఆంప్ (సిగ్నల్‌కి బలం ఇచ్చే యాంప్లిఫయర్) పెట్టాలి అని. కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (బరంపురం నుంచి): అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో హైఫైమాన్ సుస్వర దొరికితే దాచుకున్నదంతా పెట్టి కొనేశాను. ఫోన్‌కి హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న డాంగిల్ తగిలించి వింటుంటే సౌండ్ తక్కువగా, పల్చగా వస్తోంది, బేస్ అయితే అసలు లేదు. అమ్మినాయన్ని అడిగితే దీనికి కనీసం పది వాట్ల ఆంప్ ఉండాలి, లక్షన్నర అవుతుంది అంటున్నాడు. ఇంట్లో ఇంకో లక్షన్నర అడిగే మొహం లేదు నాకు. నిజంగా అంత కావాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. డాంగిల్ చాలదన్నది నిజమే, పది వాట్లు కావాలన్నది మాత్రం కాదు. ఎంత కావాలో మనమే లెక్క వేసుకోవచ్చు, ఈ లెక్క ఒకసారి చేతికొస్తే ఇక ఎవరూ నీకు ఏ ఆంపూ అంటగట్టలేరు, కాబట్టి కొంచెం ఓపికగా చదువు.

2017లో ఆరు వేల డాలర్ల ధరతో వచ్చిన ఈ సుస్వర 60 ఓంల హెడ్‌ఫోన్, అంటే కరెంట్‌కి అది పెట్టే అడ్డు (ఇంపెడెన్స్) అంత. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందన్నది, మిల్లీవాట్‌కి 83 డెసిబెల్స్. అందరూ ఓంలు చూసి కంగారు పడతారు గానీ చూడాల్సింది ఆ 83ని. మామూలు హెడ్‌ఫోన్లు చాలావాటికి ఇది వందకి అటూ ఇటూ ఉంటుంది. డెసిబెల్స్ పది పెరగాలంటే పవర్ పది రెట్లు కావాలి, మూడు పెరగాలంటే రెట్టింపు కావాలి. ఇప్పుడు నువ్వు సగటున 85 డెసిబెల్స్ దగ్గర వింటున్నావనుకుందాం, అది గట్టిగా వినడమే. మంచి కచేరీ రికార్డింగ్‌లో మృదంగం దెబ్బ పడినప్పుడు సగటు కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది, అంటే 105. ఇంకొంచెం చోటు ఉంచుకుని 110 అనుకుందాం. 83 నుంచి 110కి 27 డెసిబెల్స్, అంటే పవర్‌లో 500 రెట్లు, అంటే 500 మిల్లీవాట్లు. అర వాటు! 60 ఓంలలోకి అర వాటు పోవాలంటే ఐదున్నర వోల్టులు, 90 మిల్లీ ఆంపియర్లు కావాలి.

నీ డాంగిల్ సంగతి చూస్తే, అలాంటివి చాలావరకు ఒక వోల్టు దగ్గర ఆగిపోతాయి. 60 ఓంలకి ఒక వోల్టు అంటే 17 మిల్లీవాట్లు, అంటే ఎంత తిప్పినా శిఖరం (దెబ్బ పడినప్పటి గరిష్ఠ శబ్దం) 95 డెసిబెల్స్ దాటదు. శిఖరమే 95 అయితే కచేరీ సగటు 75, 80 మధ్యలో పడుతుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ ఇంకా తక్కువగా వినిపిస్తుంది, ఈ విషయం శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. నువ్వు పల్చగా ఉందన్నదానికి చాలావరకు కారణం ఇదే, హెడ్‌ఫోన్‌కి ఏమీ కాలేదు. వాల్యూమ్ మరీ పైకి తిప్పి వింటుంటే దెబ్బ పడ్డప్పుడల్లా డాంగిల్ శక్తి అయిపోయి అంచు కోసేస్తుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు.

మరి ఏది కొనాలి? ఆంప్ డబ్బా మీద పవర్ ఎంత అని కాకుండా, ఎన్ని ఓంల దగ్గర అంత అని చూడు. '32 ఓంల దగ్గర 2 వాట్లు' అని ఉందనుకో, అంటే 8 వోల్టులు ఇస్తుందన్నమాట. అవే 8 వోల్టులు నీ 60 ఓంలకి ఇస్తే తక్కువలో తక్కువ ఒక వాటు, 113 డెసిబెల్స్ శిఖరం. ఈ రకం ఆంపులు లక్షన్నరలో చిన్న భాగానికే వస్తాయి. అలాంటిది ఒకటి తీసుకుని ఇక హాయిగా విను. ఒక వాటు నుంచి పది వాట్లకి వెళ్తే వచ్చేది ఇంకో పది డెసిబెల్స్, అంటే 123. ఆ స్థాయిలో వినడానికి కాదు కదా పాటలు. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు అయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, చెవిలో పోయిన కణాలు మళ్లీ రావు.

ఈ పది వాట్ల మాట ఎక్కడ పుట్టిందంటే, హైఫైమాన్ వాళ్లదే హెచ్‌ఈ6 అని పాత మోడల్ ఉంది, 50 ఓంలు, 83.5 డెసిబెల్స్. అది వచ్చిన రోజుల్లో హెడ్‌ఫోన్ ఆంపులు చాలా బలహీనంగా ఉండేవి, అందుకని జనం స్పీకర్ ఆంపులకి తగిలించి వినేవాళ్లు. ఇప్పుడు ఆంపులు మారిపోయాయి, మాట మాత్రం అలాగే తిరుగుతోంది.

ప్రశ్న (రాయగడ నుంచి): సార్, నా దగ్గర ఓటీఎల్ ట్యూబ్ ఆంప్ (పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసేది) ఉంది. 300 ఓంల సెన్‌హైజర్‌తో అద్భుతంగా పాడేది. ఆ ధైర్యంతో ఆడెజ్ ఎల్‌సీడీ-ఎక్స్ కొన్నాను. దీంతో వింటే బేస్ మెత్తగా, ముద్దగా ఉంది. ట్యూబులు మార్చమంటారా?

జవాబు: వద్దండీ, ట్యూబుల మీద డబ్బు పెట్టకండి. ఓటీఎల్ అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఆంప్. ట్యూబుకి వోల్టేజి ఇవ్వడం తేలిక, కరెంట్ ఇవ్వడం కష్టం. 300 ఓంల హెడ్‌ఫోన్ అడిగేది వోల్టేజినే కాబట్టి అక్కడ రాజాలా పాడింది. మీ ఎల్‌సీడీ-ఎక్స్ 20 ఓంలు, అది కరెంట్ అడుగుతుంది. అడిగినంత ఇవ్వలేక ట్యూబు ఇచ్చే సిగ్నల్ వంకర పోతుంది, అంటే డిస్టార్షన్ పెరుగుతుంది. పైగా ఈ ఆంపుల్లో అవుట్‌పుట్ దగ్గర ఒక కెపాసిటర్ ఉంటుంది. లోడ్ ఓంలు తగ్గేకొద్దీ అది కింది స్వరాలని ఇంకా ముందే కోయడం మొదలుపెడుతుంది. మీరు వింటున్న ముద్ద బేస్ ఈ రెండిటివల్లే. ట్యూబు మీద మోజు వదలకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ట్యూబ్ ఆంప్ చూడండి, తక్కువ ఓంలకి విడిగా ట్యాప్ (వేరే కనెక్షన్) ఇచ్చేవి ఉన్నాయి.

నిజానికి మీ హెడ్‌ఫోన్‌కి పెద్ద ఆంప్ అవసరమే లేదు. మిల్లీవాట్‌కి 103 డెసిబెల్స్, అంటే 110 శిఖరానికి 5 మిల్లీవాట్లు చాలు, వోల్టులో మూడో వంతు, 16 మిల్లీ ఆంపియర్లు. బరంపురం తమ్ముడి సుస్వర అడిగే దానిలో నూరో వంతు. రెండూ ప్లేనార్లే, రెండూ ఖరీదైనవే, అయినా అవసరాల్లో ఇంత తేడా. ప్లేనార్ అంటేనే పెద్ద ఆంప్ అని ఎవరైనా అంటే అసలు నమ్మకండి.

మీరు చూసుకోవాల్సింది నాయిస్. ఒక వోల్టుకి 120 డెసిబెల్స్ పలికే హెడ్‌ఫోన్ ఇది, ఆంప్‌లో 100 మైక్రోవోల్టుల హిస్ ఉన్నా 40 డెసిబెల్స్‌గా చెవిలో పడుతుంది, రాత్రి నిశ్శబ్దంలో అది చిరాకు పెట్టేస్తుంది. గెయిన్ స్విచ్ (ఆంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో ఎంచుకునేది) 'లో'లో పెట్టి, పాట ఆపి, వాల్యూమ్ రోజూ వినే చోట ఉంచి వినండి. ఏమీ వినపడకపోతే ఆ ఆంప్ మీకు సరిపోయినట్టే.

పాత రిసీవర్ల (రేడియో కలిసిన స్పీకర్ ఆంపుల) హెడ్‌ఫోన్ జాక్ గురించి కూడా అడిగారు. వాటిలో అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆంప్ లోపలి అడ్డు, ఎక్కువ, 1996 నాటి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలోనే 120 ఓంలు అని ఉంది. 120 వెనక 20 ఓంలు పెడితే వోల్టేజి ఏడో వంతుకి పడిపోతుంది. కానీ టోన్ చెడదు, ఇక్కడే ప్లేనార్ గొప్పతనం. పల్చటి పొర మీద లోహపు గీతలు, దానికి ఒక వైపో రెండు వైపులో అయస్కాంతాలు, అంతే నిర్మాణం. మామూలు డ్రైవర్‌లోలా కాయిల్ వల్ల ఇంపెడెన్స్ ఒక చోట లేచి ఒక చోట పడటం ఉండదు, కింది స్వరం నుంచి పై స్వరం దాకా దాదాపు ఒకే 20 ఓంలు. అందుకని అన్ని స్వరాలూ ఒకేలా తగ్గుతాయి. మీ రిసీవర్‌లో వాల్యూమ్ సరిపోతుంటే నిశ్చింతగా వినండి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): బాబూ, రిటైరైన మాస్టార్ని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు పాత రికార్డింగులు వినడం నాకున్న ఒకే వ్యసనం. మా అబ్బాయి హైఫైమాన్ సుందర కొనిపెట్టాడు. ఇప్పుడు ఆంప్ కూడా కొంటానంటున్నాడు. కొంటే ఆ రికార్డింగుల్లో గరగర తగ్గుతుందా?

జవాబు: తగ్గదు మాస్టారూ. ఆయన 1964లో పోయారు, మనకి మిగిలిన వాటిలో చాలావరకు 78 రికార్డుల నుంచి, రేడియో టేపుల నుంచి ఎక్కించినవే. మోనో, పైన పల్చన, కింద పల్చన. ఆ గరగర రికార్డింగ్‌లోనే ఉంది, ఆంప్ ఎంత మంచిదైతే అంత శుభ్రంగా దాన్ని కూడా వినిపిస్తుంది.

సుందర 37 ఓంలు, 94 డెసిబెల్స్. పాత రికార్డింగుల్లో హెచ్చుతగ్గులు తక్కువ కాబట్టి మీకు 100 డెసిబెల్స్ శిఖరం ధారాళంగా సరిపోతుంది, దానికి 4 మిల్లీవాట్లు చాలు, అర వోల్టు కూడా అక్కర్లేదు. ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్ కూడా అది ఇచ్చేస్తుంది. అబ్బాయి డబ్బు దాచమనండి. మీ గరగరకి మందు ఈక్వలైజర్. ఫోన్‌లో ప్లేయర్ యాప్‌లో ఉంటుంది, 6000 హెర్ట్జ్ పైన కొద్దికొద్దిగా దించుతూ రండి, ఫిడేలు కమాను రాపిడి పోకుండా గరగర వెనక్కి వెళ్లే చోటు ఒకటి దొరుకుతుంది, అక్కడ ఆపండి. ఆ చోటు ఒక్కో రికార్డింగ్‌కి ఒక్కోలా ఉంటుంది, ఓపిగ్గా వెతికితే ఆయన కమాను బరువు ఎంత అందంగా తెలుస్తుందో మీరే చూస్తారు.

కళ్లజోడు పెట్టుకునేవారైతే ఇంకో మాట. కళ్లజోడు కాడ దగ్గర ప్యాడ్ కొంచెం ఎత్తుగా నిలబడి గాలి పోతే ప్లేనార్లో బేస్ తగ్గిపోతుంది. వినేటప్పుడు తీసేయండి, లేదా సన్న కాడల జోడు వాడండి. పెద్దగా ఖర్చు లేని ఈ మార్పు చాలా ఆంపుల కంటే ఎక్కువ తేడా ఇస్తుంది.

ప్రశ్న (ఒడిశా జైపూర్ నుంచి): ఇంట్లో ఉన్న చిన్న క్లాస్-డి స్పీకర్ ఆంప్‌కి ఒక అడాప్టర్ చేయించి హెడ్‌ఫోన్ పిన్ పెట్టుకోవచ్చా? కుర్రాడు టంకం వేసిస్తానన్నాడు.

జవాబు: ఆపండి, దయచేసి ఆపండి. ఆ ఆంపుల్లో చాలావాటికి మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. మామూలు హెడ్‌ఫోన్ పిన్‌లో మూడే కాంటాక్టులు ఉంటాయి కాబట్టి ఎడమ, కుడి మైనస్‌లు రెండూ ఒక్కటైపోతాయి. అలా కలిపితే ఆంప్ కాలిపోవచ్చు, దాంతోపాటు హెడ్‌ఫోన్ కూడా పోవచ్చు. హెడ్‌ఫోన్ ఆంపుల బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కి (ఎడమ, కుడి మైనస్‌లు విడివిడిగా ఉండేది) కూడా ఇదే వర్తిస్తుంది, 4.4 మిల్లీమీటర్ల పిన్ లేదా నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి మామూలు పిన్‌కి మార్చే అడాప్టర్ ఎప్పుడూ వాడకూడదు. బ్యాలెన్స్‌డ్ వల్ల లాభం వోల్టేజి రెట్టింపు కావడమే. సుస్వర లాంటి దానికి అది పనికొస్తుంది, మిగతా చాలావాటికి అవసరం లేదు.

ప్రశ్న (గుణుపురం నుంచి): లాప్‌టాప్‌కి కలిపిన కొత్త డెస్క్‌టాప్ ఆంప్‌లో సన్నగా గూంమని హమ్ వస్తోంది. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్తే ఇంకా ఎక్కువ. వాపసు ఇచ్చేయనా?

జవాబు: వాపసు ఇచ్చే ముందు ఒక పని చేయండి. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వినండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంట్ తిరగడం. లాప్‌టాప్, ఆంప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి, అప్పటికీ ఉంటే యూఎస్‌బీ ఐసోలేటర్ (రెండిటి మధ్య విద్యుత్ సంబంధం తెంపే చిన్న పరికరం) వేయండి. గోడ సాకెట్‌లో ఎర్త్ పిన్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, పాత ఇళ్లలో అది పేరుకి మాత్రమే ఉంటుంది. హమ్ తగ్గించడానికని ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, ప్రాణం మీదకి వస్తుంది.

ఇన్వర్టర్ మీద పెరుగుతోందంటే అది స్క్వేర్ వేవ్ రకం అయి ఉండాలి, ఆ కరెంట్‌కి ఆంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గూంమంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ పెడితే పోతుంది. ఇన్వర్టర్ మార్చడం ఇప్పట్లో కుదరకపోతే కరెంట్ పోయినప్పుడు డాంగిల్‌తో వినండి. ఇంకా, విదేశం నుంచి తెప్పించిన ఆంప్ అయితే వెనక 230 వోల్టులు అని ఉందో లేదో చూడండి, 115 అని ఉంటే ముందే సెలెక్టర్ మార్చాలి. కొన్ని ఆంపులకి అడాప్టర్ ఏసీ ఇస్తుంది, డీసీ కాదు, పోతే బజార్లో దొరికిన ఏదో ఒకటి పెట్టకండి.

కరెంట్ వచ్చీపోయే ఊళ్లో ఉన్నారు కాబట్టి ఆంప్ ఆన్ చేసేటప్పుడు, ఆఫ్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ చెవి మీద ఉంచుకోకండి. రిలే (ఆంప్ నిలకడ పడ్డాకే హెడ్‌ఫోన్‌ని కలిపే స్విచ్) లేని ఆంపులు ఆ క్షణంలో 'ఠప్'మని ఒక దెబ్బ పంపిస్తాయి. కొనేటప్పుడే 'ఇందులో రిలే ఉందా' అని అడగండి, ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకి లోపల 'టిక్' అని వినిపిస్తే ఉన్నట్టే.