ఆ తడి ఎక్కడిది?

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

అమ్మాయ్,

నువ్వు పంపిన కోల్‌కతా వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివేశాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పత్రికకి పంపమంటారా అని అడిగావు కదా. ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదువు.

ఐదో పేజీలో ఒక మాట రాశావు: "హౌరా వంతెన మెట్ల మీద బంతిపూల మోపు మోస్తున్న ఒకాయన నన్ను రాసుకుంటూ వెళ్ళాడు, నా చొక్కా చెయ్యి తడిసిపోయింది." ఆ వెంటనే "కోల్‌కతా రద్దీ అంటే ఇదీ!" అనేసి విక్టోరియా మెమోరియల్‌కి వెళ్ళిపోయావు. నా పెన్సిల్ అక్కడే ఆగింది. తొమ్మిది పేజీల్లో నువ్వు మాత్రమే రాయగలిగిన వాక్యం అదొక్కటే. తెల్లరాతి గుమ్మటం, పసుపు టాక్సీలు, రసగుల్లాలు, ఇవి ఎవరు వెళ్ళొచ్చినా రాస్తారు. ఆ చొక్కా తడి మాత్రం నీది.

ఆ తడి ఎక్కడిది? నువ్వు అడగలేదు. నేను అడుగుతున్నాను.

నువ్వు వెళ్ళిన రైలు ఖరగ్‌పూర్ దాటాక పాంశ్‌కురా, కోలాఘాట్ మీదుగానే హౌరా చేరింది. కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది దాటుతుంది. ఆ వేళకి నువ్వు బెర్తు మీద సామాను సర్దుకుంటూ ఉండి ఉంటావు. ఆ చుట్టుపక్కల తూర్పు మేదినీపూర్ పల్లెల్లో ఎంతోమందికి పూలసాగే బతుకుతెరువు. కోసిన పూలు మూటలు కట్టి లోకల్ రైళ్ళలో హౌరాకి తెస్తారు. అక్కడి నుంచి వంతెన మీదుగా హుగ్లీ నది దాటించి, తూర్పు ఒడ్డున మల్లిక్ ఘాట్ పూలబజారులో దింపుతారు. పూలు వడలిపోతే ధర పోతుంది, అందుకే నీళ్ళు చల్లుతూనే ఉంటారు. ఆ నీళ్ళే నీ చొక్కాకి అంటుకున్నాయి. నీళ్ళు చల్లిన మోపు ఇంకా బరువెక్కుతుంది, ఆ బరువుతోనే ఆయన మెట్లెక్కుతున్నాడు. అంటే నీకు తగిలిన ఆ భుజం వెనకాల నువ్వు రైల్లో దాటొచ్చిన పొలాలున్నాయి, నువ్వు చూడకుండా దాటిన నది ఉంది.

కడియపులంకలో పూల మార్కెట్ చూశానని ఒకసారి ఫోన్లో చెప్పావు. ముహూర్తాల రోజుల్లో బంతి ధర ఎలా పెరుగుతుందో, ఆషాఢంలో ఎలా పడిపోతుందో నీకు తెలుసు. మల్లిక్ ఘాట్‌లోనూ అంతే. అక్కడి పండగలు వేరు, అక్కడి దేవతకి కావలసిన పువ్వు వేరు. కాళికి ఎర్ర మందారం దండ కావాలి. దుర్గాపూజలో అష్టమి, నవమి కలిసే వేళ చేసే సంధిపూజకి 108 తామరలు కావాలి. మన ఊరి కళ్ళతో చూసి, అక్కడి లెక్క అడిగి తెలుసుకుంటే నీ వ్యాసం అక్కడే మొదలయ్యేది. అలా రాయగలిగే శక్తి నీకుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీ వ్యాసంలో "రద్దీ" అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. దానికి తోడు "జనసంద్రం" మూడుసార్లు, "చీమల్లా జనం" ఒకసారి. అవన్నీ కొట్టెయ్. వాటి గురించి నాకో పాత బాధ ఉంది, అది చెప్పాలి.

నేను కలకత్తా మొదటిసారి వెళ్ళింది 1986లో. అప్పటికి ఆ ఊరి పేరు కలకత్తానే. మన స్టేషన్ పేరు ఇంకా వాల్తేరే. తిరిగొచ్చాక ఒక వారపత్రికకి వ్యాసం రాశాను. హౌరా వంతెన మీద మనుషులు కనపడలేదు, ఒక సముద్రం కదులుతూ కనపడింది అని రాశాను. ఆ వాక్యం చూసుకుని చాలా మురిసిపోయాను కూడా. నెల తిరక్కుండా పత్రిక ఆఫీసు నుంచి నాకో కార్డు ముక్క పంపారు. టీటాగఢ్‌లో జనపనార మిల్లులో పనిచేసే ఒకాయన రాసింది. ఇచ్ఛాపురం వైపు మనిషి. హుగ్లీ ఒడ్డు మిల్లుల్లో మన తెలుగువాళ్ళు తరాలుగా పనిచేస్తున్నారన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన కోపంగా రాయలేదు. "అమ్మా, మీ వ్యాసం మా ఇళ్ళ లైన్లో అందరం చదువుకున్నాం. ఆ వంతెన మీద మేమూ నడుస్తుంటామండి. ఊరి నుంచి మనవాళ్ళు బియ్యం మూట, ఊరగాయ జాడీ పట్టుకుని రైలు దిగుతారు, వాళ్ళని తీసుకురావడానికి వెళ్తాం. ఈసారి వస్తే మా ఇంటికి రండి" అని రాశాడు. అంతే ఉంది అందులో.

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అది చదివిన రోజు అన్నం సయించలేదు. నేను సముద్రం అన్నచోట ఊరగాయ జాడీ ఉంది. అది పగలకుండా గుండెకి ఆనించుకుని నడిచే మనిషి ఉన్నాడు. నా భాష మాట్లాడే మనిషే నా పక్క నుంచి వెళ్ళినా నాకు కనపడలేదు. రద్దీ అన్న మాట వాడాలంటే ఆ తర్వాత నుంచీ నాకు చెయ్యి ఆడదు. అవతలి మనిషి చేతిలో ఏముందో, ఎక్కడికి వెళ్తున్నాడో, ఏ టైముకి చేరాలో తెలుసుకునే ఓపిక లేనప్పుడే మనం ఆ మాట వాడతాం. నాకు తెలిసింది ఇదొక్కటే, నీకు చెప్పాలనుకున్నదీ ఇదొక్కటే.

బస్సుల గురించి రెండు పేరాలు రాశావు. తోసేశారు, కాలు తొక్కారు, ఊపిరాడలేదు. నిజమే, కాదనను. అయితే ఆ బస్సులో నువ్వు విన్నదేమిటి? వేళ్ళ మధ్య నోట్లు నిలువుగా మడిచి పట్టుకున్న కండక్టరు తలుపు దగ్గర నిలబడి డ్రైవరుకి వినపడేలా "ఆస్తే, లేడీస్! కోలే బాచ్చా!" అని అరుస్తాడు. "మెల్లగా, ఆడవాళ్ళు దిగుతున్నారు, చంకలో బిడ్డ ఉంది" అని అర్థం. ఒక్కోసారి ఏ బిడ్డా లేకపోయినా అదే కేక వేస్తాడు. బస్సు నిజంగా మెల్లగా ఆగాలి, అందుకోసం. జనం తలుపు దగ్గరే ఆగిపోతే "పిఛన్ దికే ఎగియే జాన్" అంటాడు. మాటకి మాట చెప్పుకుంటే "వెనక్కి ముందుకెళ్ళండి" అని. అంత ఇరుకులో జనాన్ని జరపడానికి ఆ ఊరు తయారుచేసుకున్న భాష అది. నీకు బెంగాలీ రాదన్నావు. అర్థం తర్వాత ఎవరినైనా అడగొచ్చు. శబ్దం మాత్రం అప్పటికప్పుడే తెలుగు లిపిలో రాసిపెట్టుకో. నా పాత నోటుపుస్తకాల్లో నాకిప్పటికీ పనికొచ్చేవి అలా రాసుకున్న మాటలే.

టాక్సీవాడు ఎక్కువ తీసుకున్నాడని పేజీన్నర రాశావు. టెన్షన్ పడ్డావని తెలుస్తోంది, కొత్త ఊళ్ళో ఒంటరి ఆడపిల్లకి అది చిన్న విషయం కాదు. రాయి. ఎక్కడ ఎక్కావు, ఎంత అడిగాడు, ఎంత ఇచ్చావు, నీ తర్వాత వచ్చే అమ్మాయికి పనికొచ్చేలా రాయి. చివర్లో "ఈ ఊళ్ళో ఎవరినీ నమ్మలేం" అన్నావు చూడు, అది తీసెయ్. అదే రోజు భాఁడ్‌లో, అంటే మట్టికప్పులో, టీ పోసిచ్చిన ముసలాయన నువ్వు మర్చిపోయిన గొడుగు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడని ముందు పేజీలో నువ్వే రాశావు. నాక్కూడా ఒక గుడి దగ్గర పూజ పేరుతో డబ్బు లాగేశారు. ఆ కోపంలో గుడినీ ఊరినీ కలిపి తిట్టి రాశాను. ఆ పేజీ ఇప్పుడు చదవలేను.

చేతిరిక్షా గురించి రాసిన పేరా దగ్గర నాకు ఇబ్బందిగా అనిపించింది. "మనిషిని మనిషి లాగే దయనీయ దృశ్యం" అని రాసి ఫోటో తీసుకున్నానన్నావు. 1986 వానల్లో ఒక సందులో మోకాలి లోతు నీళ్ళు నిలిచిపోతే నేను ఆ రిక్షా ఎక్కాను. బస్సు రాదు, టాక్సీ రాదు. ఆ నీళ్ళలో కదిలేది అదొక్కటే. లాగినాయన బీహార్ నుంచి వచ్చినవాడు. వేలికి చిన్న గంట తగిలించుకుని కర్రకేసి కొడుతూ నడిచాడు. నేను సిగ్గుతో ముడుచుకుని కూర్చున్నాను. దిగాక ఆయన అడిగిన కిరాయికి బేరం ఆడాను. చూడు, సిగ్గుపడుతూనే బేరం ఆడాను! రాయవలసింది అదీ. ఎక్కడం తప్పా ఒప్పా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు ఆయనకి కావలసింది కిరాయి, నా జాలి కాదు. నువ్వు ఫోటో తీసిన రిక్షా ఆయన పక్కన రెండు నిమిషాలు నిలబడి ఊరేదని అడిగి ఉంటే ఫోటో తీయాలనిపించేదో లేదో ఆలోచించు. ఫోటో తీసే ముందు అడగాలని నీకు వేరే చెప్పక్కర్లేదు.

వంతెన లెక్కలన్నీ ఒకచోట కుప్పపోశావు. 26,500 టన్నుల ఉక్కు, 1943లో తెరిచారు, నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతో కట్టారు, 1965లో రవీంద్ర సేతు అని పేరు మార్చారు. అన్నీ సరైనవే, కానీ పాఠ్యపుస్తకంలా ఉన్నాయి. నీకో సంగతి చెబుతాను. దారినపోయేవాళ్ళు ఉమ్మిన పాన్ వల్ల ఆ వంతెన ఉక్కు కడ్డీలు అడుగున తినేసినట్టయి పల్చబడ్డాయి. ఆ అడుగుభాగాలకి ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయాల్సివచ్చింది. రోజూ వంతెన దాటే మనుషుల నోళ్ళ వల్ల ఉక్కు అరిగింది! 26,500 అన్న అంకె ఇక్కడ చెప్పు, పాఠకుడు మర్చిపోడు.

ఇంకొకటి. నీ కోల్‌కతా అంతా పాతదే. ట్రాము, పాత మేడలు, పెచ్చులూడిన గోడలు. ట్రాము అక్కడ మొదట నడిచింది 1873లో, రాయొద్దనను. అయితే నదికి అడుగున మెట్రోలో వెళ్ళానని ఒక్క ముక్కలో తేల్చేశావేం? నేను వెళ్ళిన ఏడాదికి దేశంలో మెట్రో ఉన్నది ఆ ఒక్క ఊళ్ళోనే. 1984 అక్టోబరులో ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మూడున్నర కిలోమీటర్ల లోపు మొదలుపెట్టారు. 2024లో అదే ఊరు హుగ్లీ అడుగు నుంచి రైలు నడిపింది. నది కింద ఉండేది ముప్పావు నిమిషమే. అక్కడ సొరంగంలో నీలి దీపాలు పెట్టారు. ఆ నీలి వెలుగు వచ్చినప్పుడు పెట్టెలో ఎవరు తలెత్తి చూశారు? ఎవరు ఫోన్లోంచి తల తిప్పలేదు? పైన వంతెన మీద పూలమోపులు నడుస్తున్నాయి, కింద నువ్వు కూర్చుని వెళ్తున్నావు. ఈ రెండూ ఒకే పేజీలో పెట్టి చూడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏడాది దాటాక తిరిగొచ్చాడు. దారి పొడుగునా చూసింది స్నేహితుడికి రాసి పంపేవాడు. ఏ మజిలీలో బస దొరుకుతుంది, నీళ్ళెలా ఉంటాయి, బజారులో ఏం దొరుకుతాయి, అన్నీ రాశాడు. స్నేహితుడికి పనికిరావాలని రాశాడు కాబట్టి చూడాల్సినవి ఆయనకి కనపడ్డాయనిపిస్తుంది. నువ్వు కూడా మనసులో ఎవరో ఒకర్ని పెట్టుకుని రాయి. మీ అమ్మనే అనుకో. మీ అమ్మకి చెబితే "జనసంద్రం" అంటావా? "అమ్మా, ఒకాయన పూలమోపుతో తగిలాడే, చెయ్యంతా తడిసిపోయింది" అంటావు.

తేదీలూ పేర్లూ మరోసారి సరిచూసుకో. దక్షిణేశ్వర్, బేలూరు మఠం పేరాలు చాలా కుదించు, ఒక్కరోజులో రెండూ తిరిగినట్టు తెలిసిపోతోంది. కాలేజ్ స్ట్రీట్‌లో పాతపుస్తకాల కొట్టు దగ్గర గంటసేపు నిలబడ్డానన్నావే, అది పెంచు. కొట్టాయన ఏ పుస్తకం ఎక్కడుందో చూడకుండా తీసిచ్చాడన్న ముక్క నాకు బాగా నచ్చింది.

జనవరిలో మళ్ళీ వెళ్తానన్నావు. ఈసారి ఊరంతా తిరగొద్దు. రైలు దిగి సామాను పెట్టేసి, మర్నాడు పొద్దున్నే మల్లిక్ ఘాట్‌కి వెళ్ళు. మోపులు వెళ్ళే దారికి అడ్డం లేకుండా ఒక పక్కగా నిలబడు. "దాదా, పూలు ఎక్కడివి?" అని హిందీలో అడిగినా చెబుతారు. పాంశ్‌కురా నుంచి వచ్చే లోకల్ ఏ టైముకి దిగుతుందో, ఒక మనిషి వంతెన ఎన్నిసార్లు దాటుతాడో, ఒక్కో మోపుకి ఎంతిస్తారో, నీళ్ళు ఎవరు చల్లుతారో కనుక్కో. వీలైతే ఒకరోజు టీటాగఢ్ కూడా వెళ్ళిరా, అక్కడ మనవాళ్ళ ఇళ్ళు ఇంకా ఉన్నాయేమో చూడు. నేను ఆయన పిలిచినా వెళ్ళలేకపోయాను.

తిరిగొచ్చాక మూడు పేజీలే రాసి పంపు. చొక్కా ఏ రంగుదో, ఆరడానికి ఎంతసేపు పట్టిందో, ఆరాక బంతిపూల మరక మిగిలిందో లేదో అవి కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసున్న మీ టీచరు