ఐక్యూ సంగతి తర్వాత.. ముందు పాప చెవులు చూపించండి

ప్రశ్న: మేం పాపను శిశు గృహం నుంచి దత్తత తీసుకున్నాం. అప్పటికి తనకు 14 నెలలు, ఇప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. నాలుగైదు మాటలే వచ్చు. వెనక నుంచి పిలిస్తే పలకదు. కొత్తవాళ్లు ఎవరు చేతులు చాచినా వెళ్లిపోతుంది. ఆశ్రమంలో పెరిగిన పిల్లలకు తెలివితేటలు తక్కువని చదివాను. ఐక్యూ టెస్ట్ చేయించాలా? మెడికల్ షాపులో ఇచ్చిన బ్రెయిన్ టానిక్ రెండు నెలలుగా పడుతున్నాం. మూడేళ్లు నిండితే మాటలు అవే వస్తాయని పెద్దవాళ్లు అంటున్నారు. జలుబు చేసినప్పుడల్లా చెవి కారుతుంది, చుక్కల మందు వేస్తే తగ్గిపోతుంది.
- ఒక తల్లి

జవాబు: మీరు ఐక్యూ గురించి అడిగారు. నాకు కంగారు పుట్టించింది మాత్రం చివర్లో రాసిన చెవి సంగతి. చెవి తరచూ కారుతోంది, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు, మాటలు రాలేదు. ఈ మూడూ కలిపి చూస్తే ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష. ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. పాపను చూడకుండా ఫలానా సమస్య అని నేను తేల్చి చెప్పలేను. కానీ సరిగ్గా వినపడని బిడ్డకు మాటలు ఎలా వస్తాయమ్మా?

శిశు గృహాల్లో ఒక్క ఆయా చేతిలో చాలామంది పసివాళ్లు ఉన్నప్పుడు అందరినీ ఒళ్లోకి తీసుకుని పాలు పట్టడం కుదరదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, పాలసీసాను మడతపెట్టిన గుడ్డకు ఆనించి, నోట్లో పెట్టి ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లిపోతారు. అలా తాగే పిల్లలకు పాలు గొంతు నుంచి మధ్య చెవి వైపు వెళ్లి ఇన్ఫెక్షన్లు వచ్చే వీలు ఎక్కువ. కర్ణభేరి వెనక నీరు నిలిచిపోతే పెద్ద చప్పుళ్లు వినపడతాయి, మాటలు మాత్రం స్పష్టంగా అందవు. కాబట్టి తలుపు చప్పుడికి తిరిగి చూసింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

అదే సీసా దగ్గర బిడ్డ ఇంకొకటి కూడా పోగొట్టుకుంటుంది. ఒళ్లో పాలు తాగే బిడ్డ తల్లి ముఖం చూస్తుంది, తను ఊ అంటే తల్లి కూడా ఊ అంటుంది. రోజూ ఎన్నోసార్లు జరిగే ఈ ఊకొట్టడంతోనే మాట, ధ్యాస, నమ్మకం అన్నీ మొదలవుతాయి. పలికేవాళ్లు లేకపోతే మెదడు ఎదుగుదల మందగిస్తుంది.

ఇక మీరు చదివిన విషయం. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో అనాథాశ్రమాల్లోని 136 మంది చిన్నారుల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. నాలుగున్నరేళ్ల వయసుకు లాటరీలో ఆశ్రమానికే కేటాయించిన పిల్లల సగటు ఐక్యూ సుమారు 73, కుటుంబాలకు వెళ్లినవాళ్లది 81, పుట్టినప్పటి నుంచీ సొంత ఇళ్లలో పెరిగినవాళ్లది 109. రెండేళ్లలోపు కుటుంబానికి చేరినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారు. మీ పాప 14 నెలలకే మీ దగ్గరికి వచ్చింది. రుమేనియా నుంచి ఇంగ్లండ్‌కు దత్తత వెళ్లిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించినప్పుడు, ఆలస్యంగా వెళ్లినవాళ్లలో కూడా తెలివితేటలు చాలామటుకు మామూలు స్థాయికి వచ్చాయి. ధ్యాస నిలవకపోవడం లాంటి ఇబ్బందులు మాత్రం కొందరిలో మిగిలాయి. అప్పటి అక్కడి ఆశ్రమాల పరిస్థితి మరీ ఘోరం. ఆ అంకెలు మీ పాపకు అంటగట్టకండి. ఈ వయసులో ఐక్యూ టెస్ట్ చేయించినా భవిష్యత్తు గురించి గట్టిగా ఏమీ చెప్పదు.

చుక్కల మందు విషయంలో మిమ్మల్ని కొంచెం కోప్పడక తప్పదు. కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని రకాల చుక్కలు లోపలికి దిగి వినికిడినే దెబ్బతీయవచ్చు. చీము ఆగడం, జబ్బు తగ్గడం ఒకటి కాదు. చెవిలో నూనె పోయడం, పుల్లలు పెట్టడం కూడా వద్దు. తెలివి పెంచుతుందని, మాటలు తెప్పిస్తుందని రుజువైన టానిక్ ఏదీ లేదు. ఆ సీసా పక్కన పెట్టి, వెళ్లేటప్పుడు డాక్టర్‌కు చూపించండి. అందులో ఏముందో తెలియాలి. అసలు బాధ ఏమిటంటే, టానిక్ పడుతున్నాం కదా అన్న ధైర్యంతో రెండు నెలలు పరీక్ష లేకుండా గడిచిపోయాయి.

మూడేళ్ల దాకా ఆగమనే సలహా కూడా వినకండి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పాలి. వినికిడి పరీక్షతో పాటు పిల్లల డాక్టర్ సలహాతో రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు, ఆటిజం స్క్రీనింగ్ చేయించండి. స్పీచ్ థెరపిస్ట్ అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి, రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లిపోవడం ఆశ్రమం నుంచి వచ్చిన పిల్లల్లో తరచూ చూస్తాం. మీ మీద ప్రేమ లేదని కాదు. కొన్నాళ్లు అన్నం పెట్టడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం మీరిద్దరే చేయండి. మాటలు రావాలని ఫోన్‌లో పాటలు పెట్టి కూర్చోబెట్టకండి. పాప ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా మాట్లాడండి. తను చిన్న శబ్దం చేసినా బదులివ్వండి.

చెవి వెనక వాపు, తీవ్ర జ్వరం, ఫిట్స్ వచ్చినా, వచ్చిన ఆ నాలుగైదు మాటలు కూడా పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.