కొండమీది పెంటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమ్రాబాద్ కొండలపై ఉన్న పెంటల గురించి, అంటే చెంచు గిరిజనులు ఉండే అడవి ఊళ్ల గురించి, ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చినందువల్ల, ఈ సంచికలో చోటంతా వాటికే కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటితే అడవి తప్ప మరేమీ కనిపించదు. అయినా ఆ అడవి లోపల ఊళ్లున్నాయని, వాటిని పెంటలంటారని బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చెప్పారు. ఆ ఊళ్లు ఎలా ఉంటాయి? అక్కడివాళ్లు దేనిమీద ఆధారపడి బతుకుతారు?
(ఒక పాఠకురాలు, కల్వకుర్తి)

జవాబు: ఆ పెద్దాయన చెప్పింది నిజమే. అచ్చంపేట దాటి ఘాట్ ఎక్కితే వచ్చే ఎత్తైన నేలను అమ్రాబాద్ పీఠభూమి అంటారు. ఇందులో రెండు మెట్టలున్నాయి. అమ్రాబాద్, మన్ననూరు ఉన్న దిగువ మెట్టలో పొలాలు, తండాలు, బజార్లు కనిపిస్తాయి. ఫరహాబాద్ వైపు ఇంకా పైకి వెళితే దట్టమైన అడవి మొదలై, దక్షిణాన కృష్ణానది లోయ అంచుదాకా సాగుతుంది. అప్పాపూర్, రాంపూర్, బౌరాపూర్, మేడిమల్కల వంటి చెంచు పెంటలు ఆ పైమెట్ట అడవిలోనే ఉన్నాయి. కొన్ని పెంటల్లో పది ఇళ్లకు మించి ఉండవు. ఒక పెంటనుంచి మరో పెంటకు వెళ్లాలంటే కాలిబాటనో, వాన పడితే మూసుకుపోయే మట్టిదారినో పట్టుకుని అడవిలోనే నడవాలి.

పాతరకం చెంచు గుడిసె గుండ్రంగా ఉంటుంది. మధ్యలో ఒక గుంజ నాటి, చుట్టూ కర్రలతో తడిక అల్లి, పైన బోదగడ్డితో కప్పు వేస్తారు. వాకిలి ఎంత తక్కువ ఎత్తులో ఉంటుందంటే పెద్దవాళ్లు నడుము వంచితే తప్ప లోపలికి పోలేరు. ఇప్పుడు చాలా పెంటల్లో సిమెంటు ఇళ్లు, రేకుల కప్పులు, టార్పాలిన్లు కూడా వచ్చాయి. అయితే ఎండాకాలంలో రేకుల ఇంటికంటే గడ్డి ఇల్లే చల్లగా ఉంటుందని, సిమెంటు ఇంటి పక్కనే గుడిసె వేసుకుని అందులో పడుకునేవాళ్లూ ఉన్నారు.

బతుకుతెరువు విషయానికి వస్తే, వాళ్లకు అడవే ఆధారం. ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరుతారు, మొర్రిపండ్లు తిని వాటి గింజలనుంచి సారపప్పు తీస్తారు. ఆయా కాలాల్లో ఉసిరి, కుంకుడు, చింతపండు, తేనె సేకరిస్తారు. తప్సి చెట్టుకు గాటు పెట్టి తీసే బంక మంచి ధర పలుకుతుంది. మందుల తయారీలోనూ, తినుబండారాల తయారీలోనూ వాడతారు కాబట్టి దానికి దూరదేశాల్లో కూడా గిరాకీ ఉంది. కానీ గాటు లోతుగా పడితే చెట్టు చచ్చిపోతుంది. అందుకే ఎంత లోతు పెట్టాలో, ఏ చెట్టును ఈ ఏడు వదిలేయాలో తెలిసినవాళ్లే ఆ పని చేయాలి. ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు నూలగడ్డ, చెంచుగడ్డ తవ్వుకుని కాల్చుకునో, ఉడకబెట్టుకునో తింటారు. గడ్డ తవ్వే ఆడవాళ్లను దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది: తీగ మొదలును పాడుచేయకుండా కిందిగడ్డను మాత్రమే తీసుకుని, గుంతలోకి మళ్లీ మట్టి తోసి కాలితో తొక్కుతారు. మరుసటి ఏడు అదే చోట గడ్డ ఊరుతుంది.

చెంచులకు పెంట అంటే ఇళ్ల గుంపు ఒక్కటే కాదు. ఆ ఇళ్లవాళ్లు తేనె కొట్టే బండలు, గడ్డలు తవ్వే దిబ్బలు, ఎండాకాలంలో నీళ్లు దొరికే చెలమలు, గారెలమైసమ్మకు, లింగమయ్యకు మొక్కే చోట్లు, ఇవన్నీ కలిస్తేనే పెంట అవుతుంది. ఏ పెంటవాళ్లు ఎందాకా పోవచ్చో పాతకాలంనుంచీ హద్దులున్నాయి. 1940 ప్రాంతంలో ఇక్కడ ఉండి చెంచుల జీవితాన్ని పరిశీలించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథంలో ఈ హద్దుల ఏర్పాటును వివరంగా రాశారు. ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వం పైమెట్టలో సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది. కింద వచ్చే జవాబులన్నీ ఈ ఒక్క సంగతిమీదే ఆధారపడి ఉన్నాయి కనుక దాన్ని ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: శ్రీశైలం దారిలో సీసాల్లో అమ్మే తేనె అసలైనదా, కాదా అని ఎలా తెలుసుకోవాలి? నీళ్ల గ్లాసులో వేస్తే అడుగుకు చేరితే మంచిదంటారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, హాలియా)

జవాబు: నీళ్ల పరీక్షను నమ్మవద్దు. చిక్కటి బెల్లంపాకం కూడా నీళ్లలో అడుగుకే చేరుతుంది. తేనె గడ్డకట్టినంతమాత్రాన అందులో చక్కెర కలిసిందని అనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే మంచి తేనె కూడా చలికాలంలో పలుకులు కడుతుంది. పైగా కొండతేనెలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి బజారు తేనెకంటే పలచగా ఉంటుంది. పలచగా ఉందని నిజమైన తేనెను కాదని, చిక్కగా ఉందని పాకాన్ని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. నమ్మకంగా కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనడం మేలు. 1956లో ఏర్పడిన ఆ సంస్థ గిరిజనులనుంచి అటవీ ఉత్పత్తులు కొనడానికే ఉంది. పెంటవాళ్లే తెచ్చి అమ్ముతుంటే వాళ్లు చెప్పిన ధర ఇచ్చి తీసుకోండి, దయచేసి బేరమాడకండి.

ఎందుకు బేరమాడవద్దంటున్నామో కూడా చెబుతాం. పెద్ద తేనెటీగలు ఎత్తైన బండల చరియలకింద పట్టు పెడతాయి. అడవి తీగలతో, చెట్ల నారతో పేనిన తాడును బండపైన చెట్టుకు కట్టి, ఒక మనిషి దాని ఆధారంతో లోయవైపు దిగుతాడు. పొగ పెట్టి ఈగలను తోలి, పట్టును కోసి బుట్టలోకి జారవిడుస్తాడు. ఎక్కువగా ఇది రాత్రిపూట, వెన్నెల లేనప్పుడు చేసే పని. పైన తాడును కనిపెట్టుకుని ఉండేది అతని బావమరిదే కావాలని పెంటల్లో ఒక కట్టుబాటు ఉంది. అక్కాచెల్లెలి పసుపుకుంకుమలు కోరే మనిషి తాడును వదిలిపెట్టడన్నది అందులోని నమ్మకం. పట్టునంతా ఊడ్చుకుపోకుండా కొంత భాగం ఈగలకు వదిలిపెడతారు. ఒక్క సీసా వెనుక రెండు ప్రాణాల పూచీ ఉందని గుర్తుంచుకుంటే, పది రూపాయలు తగ్గించమని అడగడానికి నోరు రాదు.

ప్రశ్న: పులుల రక్షణ కోసం పెంటలను ఖాళీ చేయిస్తారని వింటున్నాం. ప్రభుత్వం వెళ్లమంటే వాళ్లు వెళ్లి తీరాల్సిందేనా? డబ్బు తీసుకుని మైదానంలో స్థిరపడితే పిల్లలకు చదువైనా దొరుకుతుంది కదా?
(పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక విద్యార్థి, అచ్చంపేట)

జవాబు: వెళ్లి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. ఈ విషయంలో పొరపాటు అభిప్రాయాలు చాలా ఉన్నందువల్ల కొంచెం విపులంగా రాస్తున్నాం.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో కోర్ ఏరియా, అంటే పులుల కోసం ప్రత్యేకించిన లోపలి అడవి, 2,166 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకుని ఉన్న ఈ అడవి రాష్ట్ర విభజనకు ముందు నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో భాగంగా ఉండేది. పైమెట్ట పెంటలు కోర్‌లోనే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టానికి అదే ఏడాది చేసిన సవరణ, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ముందు అక్కడివారి హక్కులను గుర్తించే పని పూర్తి కావాలి. మనుషులూ జంతువులూ కలిసి ఉండడానికి వేరే మార్గమేదీ లేదని తేలాలి. ఆ తరువాత పునరావాస ప్యాకేజీని గ్రామసభ ముందు పెట్టి, సభ పూర్తి సమాచారంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. కొత్తచోట భూమి, వసతులు సిద్ధమయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ తరలింపు చట్టానికి విరుద్ధమే.

డబ్బు సంగతి చూద్దాం. కేంద్ర పథకం కింద ఒక్కో కుటుంబానికి ఇచ్చే మొత్తం మొదట 10 లక్షల రూపాయలుండగా, 2021లో 15 లక్షలకు పెంచారు. నగదు తీసుకోవచ్చు, లేదా అటవీశాఖ ద్వారా భూమి, ఇల్లు కలిపిన పునరావాసాన్ని ఎంచుకోవచ్చు. ఆసుపత్రి, బడి, కరెంటు దగ్గరగా ఉండాలని కోరుకునే యువకులు పెంటల్లో ఉన్నారు, వాళ్ల కోరిక న్యాయమైనది. వెళ్లాలనుకునేవాళ్లను ఎవరూ ఆపకూడదు. కానీ ఇళ్లకు, పెరళ్లకు వెల కట్టినట్టు తేనె బండకూ, గడ్డల దిబ్బకూ వెల కట్టడం ఎవరివల్లా కాదు. ఏడాది పొడవునా ఏదో ఒకటి ఇచ్చే అడవిని వదిలి, బ్యాంకులో పడిన సొమ్ముతో కూలి దొరకని ఊళ్లో ఉండవలసి వస్తే, ఆ సొమ్ము ఎన్నేళ్లు వస్తుందో మీరే లెక్క వేయండి. ఒప్పందంలో మాట్లాడుకోవలసిన అసలు విషయం ఇదే అని మా అభిప్రాయం.

పోటీ పరీక్షలకు చదువుతున్నారు కాబట్టి మరో మాట చెబుతాం. అటవీ హక్కుల చట్టం అనగానే చాలామందికి పోడు పట్టాలే గుర్తుకు వస్తాయి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, వ్యక్తిగత హక్కు ఇవ్వడం అందులో ఒక భాగం మాత్రమే. చెంచుల వంటి ఆదిమ తెగలు తరతరాలుగా తిరిగిన ప్రాంతమంతటిపైనా ఆవాస హక్కు కోరవచ్చని సెక్షన్ 3(1)(ఇ) చెబుతోంది. తెలంగాణలో ఇటువంటి ఆదిమ తెగలు నాలుగు: చెంచులు, కోలాములు, కొండరెడ్లు, తోటీలు. వ్యవసాయం పెద్దగా చేయని చెంచులకు ఎకరాల పట్టాకంటే ఈ హక్కే ఎక్కువ అవసరం. ఇదే అడవిలో యురేనియం తవ్వకాలు జరపాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పెంటలతోపాటు దిగువ ఊళ్లవాళ్లూ కలిసి వ్యతిరేకించారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

ప్రశ్న: మా పిల్లలకు అప్పాపూర్ పెంట చూపించాలని ఉంది. పాత బట్టలు, బిస్కెట్లు కూడా తీసుకెళ్లి పంచుదామనుకుంటున్నాం. ఎలా వెళ్లాలి?
(ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ)

జవాబు: అమ్మా, మీ ఆలోచన మంచిదే గాని, నేరుగా కారు వేసుకుని పోవడానికి వీలులేదు. ఫరహాబాద్ లోపలి దారులు కోర్ ఏరియాలో ఉన్నందున అటవీశాఖ అనుమతి లేనిదే వెళ్లనివ్వరు. ప్రధాన రహదారిమీద కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు గేటు మూసి ఉంటుంది. పిల్లలకు అడవి చూపించాలంటే అటవీశాఖవాళ్లు నడిపే సఫారీలో ఫరహాబాద్ వ్యూ పాయింట్ దాకా వెళ్లి రావచ్చు, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం చూపించవచ్చు. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర రోజుల్లో రాంపూర్ పెంట వైపు దారి భక్తులకు తెరుస్తారు. అయితే లోయలోకి దిగే బాట ఇరుకుగా, రాళ్లమయంగా ఉంటుంది, జనం విపరీతంగా వస్తారు. చిన్నపిల్లలతో అప్పుడు వెళ్లమని మేం చెప్పలేం.

పాత బట్టలు, బిస్కెట్ల పంపిణీ మాత్రం వద్దు. పెంటకు వచ్చినవాళ్లు పిల్లలను వరుసలో నిలబెట్టి పంచుతూ ఫోటోలు తీసుకోవడం అక్కడి పెద్దలకు ఎంత కష్టంగా ఉంటుందో వాళ్లు మొహమాటంవల్ల చెప్పరు. పైగా బిస్కెట్ కవర్లు అడవిలో పడతాయి, జింకలు వాటిని తింటాయి. రిజర్వ్‌లో ప్లాస్టిక్ నిషేధం ఉన్నది అందుకే. సాయం చేయాలన్న కోరిక గట్టిగా ఉంటే మన్ననూరులోని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో అడిగి, అక్కడి ఆశ్రమ పాఠశాలకు ఏం కావాలో తెలుసుకుని అదే ఇవ్వండి.

శ్రీశైలం మల్లన్న చెంచులకు అల్లుడు, భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడబిడ్డ. శివరాత్రికి బౌరాపూర్‌లో చేసే పండుగలో పుట్టింటివారి హోదాలోనే వాళ్లు నిలబడతారు. మీ పిల్లలకు ఈ కథ చెప్పి తీసుకెళ్లండి.

ప్రశ్న: వేసవిలో ఈ అడవి తగలబడడానికి చెంచులు పెట్టే నిప్పే కారణమని కొందరంటారు. ఇది నిజమా?
(ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: ఆ మాట అన్యాయం. ఫిబ్రవరి నుంచి మే వరకు ఆకు రాలి, బోదగడ్డి ఎండి ఉంటుంది. అప్పుడు దారిన పోయేవాళ్లు పారేసిన బీడీముక్క, వంట చేసుకుని ఆర్పకుండా వదిలిన పొయ్యి చాలు మంట లేవడానికి. అడవి కాలితే ముందు నష్టపోయేది పెంటవాళ్లే. ఇప్పపువ్వు పోతుంది, తేనె పోతుంది, గుడిసె కప్పే గడ్డీ పోతుంది. ఫైర్ వాచర్లుగా, బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా పనిచేస్తూ, పచ్చికొమ్మలతో మంటలను కొట్టి ఆర్పుతున్నవాళ్లలో చెంచు యువకులు ఎంతోమంది ఉన్నారు. ఆ దారిలో పొగ కనిపిస్తే దగ్గరలోని చెక్‌పోస్టులో వెంటనే చెప్పండి. వంట మాత్రం మన్ననూరు దాటకముందే ముగించుకుని బయలుదేరండి.